వడ్ల పని నేర్చుకున్న జనరల్

అమెరికా అంతర్యుద్ధం అనంగనే మనకు గుర్తుకొచ్చేది లింకన్ ఒక్కడే. 1861 నుంచి 1865 దాక నడిచిన ఆ లడాయిల ఉత్తరాది ఫౌజుల సుమారు నలుగురిలో ఒకడు పరాయి దేశంల పుట్టినోడే. జర్మనీల పుట్టినోళ్లే దగ్గర దగ్గర రెండు లక్షల మంది. బతుకుదెరువు కోసం వచ్చినోళ్లు కొందరు. తమ దేశంల రాజుల మీద తిరగబడి, ఓడిపోయి, నిలువ నీడ లేక సముద్రం దాటి వచ్చినోళ్లు ఇంకొందరు. ఈ రెండో రకపోళ్లల్ల ఒకని గురించి ఇయ్యాల చెప్త. పేరు ఆగస్ట్ విల్లిష్.

1810ల ప్రష్యా రాజ్యంల, బ్రౌన్స్‌బెర్గ్ అనే ఊర్ల పుట్టిండు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌ల ఉన్నది. తండ్రి గుర్రపు దళంల కెప్టెన్. పిల్లగానికి మూడేండ్లప్పుడే ఆయన చచ్చిపోతే, ఆ కాలంల పెద్ద పేరున్న మత పండితుడు ష్లాయర్‌మాఖర్ ఇంట్ల పెరిగిండు. సైనిక బడిల చదివి, ఫిరంగుల దళంల ఆఫీసరై, 1841 నాటికి కెప్టెన్ అయిండు. ఇంకేం కావాలె? జీతం, హోదా, ముసలితనంల పింఛన్, అన్ని రాసిపెట్టినట్టే ఉన్నయి.

కని మనిషి లోపల మారిపోయిండు. రాజు ఉండొద్దు, ప్రజలే ఏలుకోవాలె అనే ఆలోచన పట్టింది. 1846ల రాజీనామా ఇచ్చిండు. ఆ కాగితంల ఏం మాటలు రాసిండో గని, రాజీనామా తీసుకునుడు పక్కకు పెట్టి సైనిక కోర్టుల విచారణ పెట్టిన్రు. చివరికి నిర్దోషి అని వదిలేసిన్రు. బయటికొచ్చి ఏం చేసిండు? వడ్ల పని నేర్చుకున్నడు. తోలు కట్టుకొని, గొడ్డలి భుజాన వేసుకొని, తన పాత దోస్తులు కవాతు చేసే మైదానం మీదికెళ్లి నడిచి పోయేటోడని చెప్పుకుంటరు. కూలోని పక్షాన మాట్లాడెటోళ్లు ఎప్పుడూ ఉంటరు. కూలోని పని చేతుల్లకు తీసుకున్నోడు అరుదు. ఈయన మీద నాకు గురి కుదిరింది అక్కడ్నే.

1848ల యూరప్ అంతట ప్రజలు లేచిన్రు. మరుసటేడు జర్మనీల బాడెన్ తిరుగుబాటుల విల్లిష్ ఒక వాలంటీర్ల దళాన్ని నడిపిండు. ఆ దళంల ఆయన వెంట సహాయకునిగ తుపాకి పట్టుకొని తిరిగినోడు ఎవరనుకున్నరు? ఫ్రెడరిక్ ఎంగెల్స్. తిరుగుబాటు అణిగిపోయింది. స్విట్జర్లాండ్ మీదికెళ్లి లండన్ చేరిన్రు.

లండన్‌ల అసలు పంచాయితీ మొదలైంది. కమ్యూనిస్టు లీగ్ 1850ల రెండు ముక్కలైంది. కార్మికులు అధికారానికి తయారు కావాలంటే పదిహేనో, ఇరవయ్యో, యాభయ్యో ఏండ్ల కొట్లాట కావాలని మార్క్స్ వాదన. ఇప్పుడే లేవాలె, లేకుంటే ఎందుకున్నట్టు అని విల్లిష్ వర్గం. మాటలు ముదిరి విల్లిష్ మార్క్స్‌ను తుపాకుల ద్వంద్వ యుద్ధానికి పిలిచిండు. మార్క్స్ పోలే. కని మార్క్స్ పక్షాన కాన్రాడ్ ష్రామ్ అనే యువకుడు కోపంతోని తానే సవాలు విసిరి, బెల్జియం పోయి విల్లిష్‌తోని కాల్పులు జరిపిండు, దెబ్బ తిని బతికి బయటపడ్డడు. నన్నడిగితే వాదంల మార్క్సే కరెక్ట్. అప్పుడు లేస్తే పోరగాండ్లు చచ్చేటోళ్లు తప్ప ఏం ఒరిగేది గాదు. తుపాకి గురిపెట్టి సిద్ధాంతం తేల్చుకునుడు ఇంకా పెద్ద తెలివితక్కువ పని.

1853ల అమెరికా చేరిండు. బ్రూక్లిన్‌ల నౌకలు కట్టే యార్డుల మళ్ల వడ్ల పనే. లెక్కలు బాగ వచ్చని తెలిసి తీర ప్రాంతాల సర్వేల కొలువిచ్చిన్రు. 1858ల ఒహాయో రాష్ట్రంల సిన్సినాటి పట్నం పోయి, అక్కడి జర్మన్ కార్మికుల పత్రికకు ఎడిటర్ అయిండు. బానిసత్వం మీద తిరగబడ్డ జాన్ బ్రౌన్‌ను 1859ల ఉరి తీస్తే, ఆ పట్నంల జరిగిన సంతాప సభల గొంతెత్తిండు.

1861ల యుద్ధం మొదలైంది. విల్లిష్‌కు అప్పుడు యాభై ఏండ్లు. ముందు తొమ్మిదో ఒహాయో రెజిమెంట్ల చేరిండు. తర్వాత ఇండియానా గవర్నర్ పిలిచి, జర్మన్లతోని కట్టిన ముప్పై రెండో ఇండియానా రెజిమెంట్‌కు కర్నల్‌ను చేసిండు. సిపాయిలను ‘పౌరులారా’ అని పిలిచేటోడు. ఎండిన రొట్టెలు తిని పోరగాండ్లు నీరసపడొద్దని ఇటుకలతోని పొయ్యిలు కట్టించి తాజా రొట్టె కాల్పించిండు. వాళ్లు ఆయనను ‘పాపా’ అనేటోళ్లు. అట్లని గారాబం లేదు, ప్రష్యా కవాతు మొత్తం నేర్పిండు. ఆ రెండూ కలిస్తే ఏమైతదో షైలో చూపించింది.

1862 ఏప్రిల్ 7, షైలో యుద్ధంల రెండో రోజు. తూటాలు వానలెక్క వస్తుంటే ముప్పై రెండో రెజిమెంట్ల వణుకు పుట్టింది, వరుస చెదురుతున్నది. విల్లిష్ వాళ్ల ముందటికొచ్చి, శత్రువుకు వీపు పెట్టి నిలబడ్డడు. కాల్చమనలే, పరుగెత్తమనలే. తుపాకి ఎత్తు, దించు, భుజానికి పెట్టు అని మైదానంల రోజూ చేయించే కవాతు చేయించిండు. భయపడ్డోని చేతికి బాగ తెలిసిన పని ఇస్తే చెయ్యి కుదురుకుంటది, చెయ్యి కుదురుకుంటే గుండె కుదురుకుంటది. వరుస నిలబడ్డది, ముందటికి పోయింది. ఆ జులైల ఆయనను బ్రిగేడియర్ జనరల్‌ చేసిన్రు.

1862 డిసెంబర్ 31న స్టోన్స్ రివర్ కాడ ఆయన గుర్రం కూలింది, శత్రువు చేతికి చిక్కిండు. తెల్లారి జనవరి 1న బానిసల విముక్తి మీద లింకన్ ప్రకటన అమలుల వచ్చింది. ఏ పని కోసం ఆయన బయల్దేరిండో అది కాగితం మీద అయిన రోజుకు ఆయన ఖైదీ. రిచ్మండ్‌ల లిబ్బీ జైలుల ఉండి, 1863 మేల విడుదలైండు.

వచ్చినంక ఇంకో యుక్తి తెచ్చిండు. అప్పటి తుపాకులకు మూతి దిక్కునుంచి మందు కూరాలె, ఎంత చేయి తిరిగినోడైన నిమిషానికి మూడు తూటాలే. అందుకని సిపాయిలను నాలుగు వరుసల్ల నిలబెట్టిండు. ముందటోళ్లు కాల్చి ఆడ్నే నిలబడి మందు కూరుకుంటరు, వెనకోళ్లు వాళ్ల సందులకెళ్లి ముందటికొచ్చి కాలుస్తరు. కాల్పులు ఆగవు, దండు నడక ఆగది. హుకుంలు నోటితో గాదు, బూర ఊది ఇచ్చేటోడు. 1863 జూన్ల లిబర్టీ గ్యాప్ కాడ ఇది పని చేసింది.

అదే ఏడు నవంబర్ 25, మిషనరీ రిడ్జ్. గుట్ట కింద శత్రువు తవ్వుకున్న గుంతలు పట్టుకోమనేటిదే హుకుం. పట్టుకున్నరు. కని గుట్ట మీదికెళ్లి కాల్పులు పడుతుంటే ఆడ నిలబడుడంటే చచ్చుడే, వెనకకు పోవుడు అంతకన్న అధ్వానం. విల్లిష్ బ్రిగేడ్, దాని పక్కన ఉన్న దళాలు గుట్ట ఎక్కుడు మొదలువెట్టినయి. దూరం నుంచి చూస్తున్న గ్రాంట్, ఎవడు ఎక్కమన్నడని కోపం చేసిండు. గుట్ట చేతికొచ్చినంక ఎవ్వరినీ ఏమనలే. లండన్‌ల తప్పైన ఆ తొందర ఈడ గెలిపించింది. ఈడ కింద నిలబడితే సావు ఖాయమని ప్రతి సిపాయికి కండ్లతోనే కనబడుతున్నది, తేడా అదే.

1864 మేల రెసాకా కాడ తూటా తగిలి ముందు వరుస నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. యుద్ధం అయిపోయినంక సిన్సినాటి ఉన్న కౌంటీకి ఆడిటర్‌గ లెక్కలు చూసిండు.

ఆ తర్వాతి సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడది. 1870ల జర్మనీకి పోయిండు. ఫ్రాన్స్ మీద యుద్ధానికి ప్రష్యా ఫౌజుల చేర్చుకోమన్నడు. ఏ రాజ్యం కొలువును కాలదన్నిండో ఆ రాజ్యం కొలువే! అప్పటి జర్మన్లల్ల చానా మందికి దేశం ఒక్కటైతున్నదనే సంబురం ఉండె, ఆయనకూ ఉండొచ్చు. వాళ్లు వద్దన్నరు. వయసు అరవై, పైన పాత కమ్యూనిస్టు. గంత దూరం పోయి ఊకె తిరిగి రాలే, బెర్లిన్ యూనివర్సిటీల ఫిలాసఫీ చదివిండు.

విల్లిష్ మీద 1854ల ఒక పుస్తకమే అచ్చేసి ఎగతాళి చేసిన మార్క్స్, 1875ల ఇంకో పాత పుస్తకం మళ్ల అచ్చు వేస్తూ, ఈ మనిషి ఉత్త కలలు కనేటోడు గాదని అమెరికా యుద్ధంల చూపించిండని చివర రాసిండు. అప్పటికి విల్లిష్ ఒహాయోల సెయింట్ మేరీస్ అనే చిన్న ఊర్ల ఉంటున్నడు. 1878 జనవరి 22న ఆడ్నే పోయిండు.