టాంకు అంటే ఏది?

పిల్లలూ! షాబాదు నుంచి చేవెళ్ల, మొయినాబాదుల మీదుగా హైదరాబాదు పోయే దారిలో మీరు ఎప్పుడైనా బస్సెక్కారా? ఈసారి ఎక్కితే, మర్రిచెట్లు లెక్కపెట్టటం కాసేపు ఆపి ఒక ఇంగ్లీషు మాటను వెతకండి. ఆ మాట ‘టాంకు’. మీరు కూర్చున్న బస్సుకే ఒకటి ఉంటుంది, అందులో డీజిలు పోస్తారు. డాబాల మీద నల్లగా, పెద్ద పెద్ద కాగుల్లాగా కనిపించేవి మరో రకం. ఎదురుగా వచ్చే నీళ్లబండి టాంకరు. నగరంలోకి పోగానే మాసాబ్‌టాంకు, ఇంకా పోతే టాంక్‌బండు! ఒకే మాట ఇన్ని వేషాలు ఎలా వేసింది?

నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో పిల్లలకు ఒక చిన్న పని చెప్పేవాణ్ణి. ‘మా ఊళ్లో పెద్ద టాంకు ఉంది’ అని ఇంగ్లీషులో బోర్డు మీద రాసి, దానికి బొమ్మ వెయ్యమనేవాణ్ణి. మొదట్లో అందరూ కట్టా, నీళ్లూ, కొంగలూ వేసేవాళ్లు. కొన్నేళ్లు గడిచాక నాలుగు స్తంభాల మీద గుండ్రటి తొట్టి వెయ్యసాగారు. ఒక కుర్రవాడు మాత్రం ఫిరంగి పెట్టిన ఉక్కుబండి వేశాడు! అందరికీ మార్కులు వేశాను. ఎవరి బొమ్మా తప్పు కాదు మరి.

ఈ మాట ఇంగ్లండులో పుట్టలేదు. మన దేశంలోనే దొరలకు పట్టుబడింది. గుజరాతీ, మరాఠీ భాషల్లో నేలకింద కట్టిన నీళ్లతొట్టికి ఇలాంటి పేరే ఉంది. రాజస్థాన్ ఎడారి పల్లెల్లో వాననీటిని దాచుకునే తొట్లను ఈనాటికీ ‘టాంకా’ అనే అంటారు. అయితే పోర్చుగీసు వాళ్ల భాషలో కూడా ‘టాంక్’ అని ఒక మాట ఉన్నది. దాని అర్థమూ నీళ్లు ఆపి ఉంచే చోటే. వాళ్లు ఇంగ్లీషు వాళ్లకంటే ముందుగా మన పడమటి తీరానికి వచ్చినవాళ్లు. ఈ రెండు మాటల్లో ఏది ఇంగ్లీషులోకి దూరిందీ అని పండితులు చాలా వాదించుకున్నారు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు మన దేశపు మాటలు ఇంగ్లీషులో ఎలా చేరాయో చెబుతూ 1886లో ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువు వెలువరించారు. అందులో కూడా ఈ తగవు ఉంది. నా మట్టుకు నాకు, రెండు ఏర్లూ వచ్చి ఒకే చెరువులో కలిశాయని తోస్తుంది.

ఎలా అయితేనేం, మన దేశంలో ఇంగ్లీషు రాసేవాళ్లకు టాంకు అంటే చెరువే. సర్కారు కాగితాల్లో ఈనాటికీ అంతే. కాని లండనులో ఒకరితో ‘మేము సాయంత్రం టాంకు గట్టు మీద నడుస్తాం’ అని చెప్పండి, తెల్లబోతారు! వాళ్లు చెరువును ‘పాండ్’ అనో, ‘లేక్’ అనో, ‘రిజర్వాయర్’ అనో అంటారు. విచిత్రమేమంటే, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రంలో పశువులను మేపుకునే రైతులు మాత్రం నీటికుంటను మనలాగే ‘టాంకు’ అంటారు.

ఇక ఆ కుర్రవాడు వేసిన ఉక్కుబండి కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, ముళ్లకంచెలనూ కందకాలనూ దాటిపోయే బండిని ఇంగ్లీషువాళ్లు రహస్యంగా తయారు చెయ్యసాగారు. శత్రువుకు ఆనవాలు చిక్కరాదు. అందుకని అవి నీళ్లు మోసే టాంకులని చెప్పుకున్నారు. కొన్నిటి మీద ‘పెట్రోగ్రాడ్‌కు, జాగ్రత్త’ అని రష్యను భాషలో కూడా రాశారుట! 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోం యుద్ధరంగాన అవి మొదటిసారిగా కదిలాయి. రహస్యం బయటపడింది గాని, దొంగపేరు మాత్రం పోలేదు. నీళ్లతొట్టి పేరే నిప్పులు కక్కే బండికి స్థిరపడింది. ఈ మాటకు ఇంకా చిన్నచిన్న వేషాలున్నాయి. చేతులు లేని బనీనును ‘టాంక్‌టాప్’ అంటారు. పూర్వం ఈత కొలనును టాంకు అనేవారు, అక్కడ తొడుక్కునే బట్ట అన్నమాట. పందెంలో కావాలని ఓడిపోవటాన్నీ అదే మాటతో చెబుతారు.

ఇంగ్లీషువాడు ఒక్క మాటతో సరిపెట్టిన చోట మనవాళ్లు ఎన్ని మాటలు చేసుకున్నారో చూడండి. సంస్కృతం చదివే పిల్లలు అమరకోశంలో తటాకం, కాసారం, సరస్సు, పల్వలం, వేశంతం, దీర్ఘిక అని వల్లిస్తారు. ఇవన్నీ ఒకటే అనుకునేరు! పల్వలం, వేశంతం చిన్న మడుగులు. తెలుగులోనూ అంతే. కట్ట వేసి వాననీటిని ఆపితే చెరువు. అంతకంటే చిన్నది కుంట. తామరలు పూస్తే కొలను. గుడి ముందు మెట్లు కట్టి ఉంటే కోనేరు. ఏటి నడుమ లోతుగా నిలిచినది మడుగు. ఇంటి దగ్గర నీళ్లు పట్టుకునేది గాబు, పశువులకు కుడితి పోసేది గోళెం. ఉర్దూవాళ్ల తలాబు చెరువైతే, హౌజు నీటితొట్టి. మొయినాబాదు నుంచి నగరంలోకి పోయేటప్పుడు లంగర్‌హౌజు తగులుతుంది కదూ? ఆ పేరులో ఉన్నది ఈ హౌజే.

దాని తరవాత వచ్చే మాసాబ్‌టాంకు సంగతి చెప్పాలి. గోలకొండ రాణి హయాత్ బక్షీ బేగంను జనం ‘మాసాహెబా’ అని గౌరవంగా పిలిచేవారు. ఆమె పేరిట ఒక చెరువు ఉండేది, మాసాహెబా తలాబు. తలాబును ఇంగ్లీషు చేసి ‘టాంకు’ అన్నారు. తరవాత చెరువు పూడి ఇళ్లూ, రోడ్లూ, పార్కూ వచ్చాయి. ఇప్పుడక్కడ ‘టాంకు’ అనే మాట ఉంది, చెరువు లేదు.

మొయినాబాదు పక్కనే ఉన్న రెండు పెద్ద జలాశయాలను చూడండి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరంలో వేలమంది చనిపోయారు. ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి సలహామీద, వరదను పైనే ఆపటానికి మూసీ మీద ఉస్మాన్‌సాగరు 1920లోనూ, ఈసీ మీద హిమాయత్‌సాగరు 1927లోనూ పూర్తయ్యాయి. నిజాము ‘సాగర’మన్నాడు. ఇంజనీరుకు రిజర్వాయరు. ఆదివారం షికారు వచ్చినవాడికి లేక్. పక్క ఊళ్లవాళ్లకు మాత్రం అది గండిపేట చెరువే!

పెద్దలకు కూడా ఇక్కడ ఒక మాట. స్థలం కాగితాల్లోనూ, పత్రికల్లోనూ ‘ఎఫ్.టి.ఎల్.’ అనే మూడక్షరాలు కనిపిస్తాయి. అంటే ‘ఫుల్ టాంక్ లెవెల్’. ఇది మేడమీది తొట్టి నిండటం కాదు సుమా! చెరువు నిండుగా నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో ఆ గీత. దాని లోపలి నేలను మన పల్లెల్లో శిఖం భూమి అంటారు. వేసవిలో ఎండి మైదానంలాగా ఉంటుంది, ఎవరైనా చూపిస్తే కొనబుద్ధి అవుతుంది. మంచి వాన కురిసిన ఏడు చెరువు తన చోటుకు తాను వస్తుంది. ఆ గీత లోపల ఇల్లు కట్టరాదు. ఈ రెండు జలాశయాల కోసమే 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు తెచ్చి, చుట్టూ 84 గ్రామాలలో పెద్ద కట్టడాలకూ కర్మాగారాలకూ అడ్డుకట్ట వేసింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. అలుగు అంటే ఏమిటో, తూము ఎక్కడుందో, నిండితే నీరు ఎటు పారుతుందో ఊళ్లో నీరటివాడికి తెలుసు. మీ తాతయ్యను అడిగినా చెబుతాడు. అడిగి, మీ ఊరి చెరువు బొమ్మ వేసి ఆ పేర్లన్నీ రాయండి.

ఇక మీకొక పరీక్ష. ‘ది టాంకర్ స్టాప్డ్ నియర్ ది టాంక్ టు ఫిల్ ఇట్స్ టాంక్.’ దీన్ని టాంకు అనే మాట రాకుండా తెలుగులో చెప్పాలి. నీళ్లబండి చెరువు దగ్గర ఆగింది, అంతవరకు సులువే. మరి అది నింపుకున్నది నీళ్లా, డీజిలా?