మీకు తెలుసా? కార్బ్యురేటర్‌ను కాపాడే రేకు

ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు. జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లున్న ఎంజీబీ బానెట్ ఎత్తితే, వాటికీ ఇంజిన్‌కూ మధ్య ఒక పలచని రేకు కనిపిస్తుంది. అదే హీట్ షీల్డ్. పాతది పాడైతే కొత్తది కొని బిగించుకోవచ్చు. అంతకుముందు ఇవి తెలుసుకోండి.

• ఈ ఇంజిన్‌లో పెట్రోలు లోపలికి వెళ్లే దారి, పొగ బయటికొచ్చే దారి ఒకే పక్కన ఉంటాయి. అంటే కార్బ్యురేటర్లు కుంపటి పక్కనే కాపురం చేస్తున్నట్టు. ఆరు సిలిండర్ల జాగ్వార్ ఈ-టైప్‌లో పొగ గొట్టాలు అవతలి పక్కన ఉంటాయి.

• మన పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ ఒకే ఇంటివి. రెండూ బీఎంసీ బి-సిరీస్ ఇంజిన్లే.

• అసలు ముప్పు కారు ఆపాకే. పొయ్యి కట్టేసినా పెనం మీద చివరి అట్టు కాలుతూనే ఉంటుంది కదా! ఇంజిన్ ఆగితే చల్లగాలీ ఆగుతుంది, కొత్త పెట్రోలు రావడమూ ఆగుతుంది. పొగ గొట్టాల వేడంతా పెట్రోలు నిలిచే కార్బ్యురేటర్ గిన్నెలకు పాకుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. టీ తాగి వచ్చి తాళం తిప్పితే బండి మొరాయించేది అందుకే.

• ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఇథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కానీ పెట్రోలులో కొద్దిగా కలిపితే ఆ మిశ్రమం మరింత తేలిగ్గా ఆవిరవుతుంది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది.

• రేకు ఏ లోహందో చూసుకోండి. మెరిసే అల్యూమినియం తనమీద పడే వేడి కిరణాల్లో 90 శాతానికి పైగా తిప్పికొడుతుంది. మసి పట్టి మెరుపు పోతే ఆ గుణమూ పోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బలం వేరు: అల్యూమినియంతో పోలిస్తే తన గుండా వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది.

• పాత రేకులకు ఇంజిన్ వైపు ఆస్‌బెస్టాస్ పొర ఉండేది. దాన్ని పొడిగా గీకకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

• వేడి ఒకదానికొకటి తగిలే లోహ భాగాల గుండా కూడా వస్తుంది. అందుకే ఇంజిన్‌లోకి పెట్రోలు తీసుకెళ్లే మ్యానిఫోల్డ్‌కూ రేకుకూ మధ్య బేకలైట్ లాంటి మందపాటి దిమ్మె పెడతారు. మ్యానిఫోల్డ్, దిమ్మె, రేకు, కార్బ్యురేటర్ అదే వరుసలో బిగించాలి. ప్రతి రెండింటి మధ్యా కొత్త గాస్కెట్ వేయాలి. ఒక్కటి సరిగా కూర్చోకపోయినా అక్కడ గాలి పీల్చి, ఇంజిన్ నిలకడగా తిరగదు.

• యాక్సిలరేటర్‌ను వెనక్కి లాగే స్ప్రింగులు తగిలించే కొక్కేలు కూడా ఈ రేకుకే ఉంటాయి. కొనేముందు అవి ఉన్నాయో లేదో చూడండి. బిగించాక, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పెడల్ తొక్కి వదలండి. రెండు కార్బ్యురేటర్లూ టక్కున మూసుకోవాలి. ఆ శబ్దం వినపడ్డాకే తాళం తిప్పండి.