తన వెలుగును తానే ఎంచుకొన్న నగరం

విద్యుద్దీపపు మీట నొక్కినప్పుడు ఆ వెలుగు ఎక్కడినుండి వచ్చినదని మనలో ఎందరు ప్రశ్నించుకొంటారు? బొగ్గు మండినదా, నీరు దూకినదా, గాలి వీచినదా అన్న విచారణ నిపుణులకే వదలివేస్తాము. ఆ విచారణను పౌరులు తమదిగా స్వీకరించిన నగరమొకటి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, షాంప్లేన్ సరోవర తీరాన ఉన్నది. దాని పేరు బర్లింగ్టన్. జనాభా యాభైవేలకు లోపే.

అక్కడి విద్యుత్ శాఖ 1905 నుండి నగరపాలక సంస్థ అధీనంలోనే ఉన్నది. లాభాలు పంచుకొనే వాటాదారులు లేరు, వినియోగదారులే యజమానులు. మార్పుకు మూలం ఇదే. సరస్సు ఒడ్డున బొగ్గుతో నడిచిన మోరన్ కేంద్రం 1986లో మూతపడినది. అంతకు రెండేళ్ల ముందే కట్టెపేళ్లతో నడిచే 50 మెగావాట్ల మెక్‌నీల్ కేంద్రం ప్రారంభమైనది. అందులో సగం వాటా నగరానిది. 1990లో పౌరులు వోటు ద్వారా 1.13 కోట్ల డాలర్ల ఋణపత్రాలను ఆమోదించారు. ఆ ధనం కొత్త కేంద్రాలకు గాక, ఇళ్లలోను దుకాణాలలోను విద్యుత్తు దుబారాను అరికట్టుటకు వినియోగమైనది. కుండ చిల్లి పూడ్చిన తరువాతనే నీరు పోయవలెనన్న ఇంగితం ఇది. అటుపై పవన, సౌర విద్యుత్తులను చేర్చుకొని, 2014లో వినూస్కీ నదిపై గల 7.4 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రాన్ని కొనుగోలు చేయడంతో, నగరపు అవసరమంతటికీ సరిపడు పునరుత్పాదక విద్యుత్తు సమకూరినది.

అయితే ఇది ఏడాది మొత్తానికి వేసిన లెక్క. పలు కాలువలు కలిసే చెరువులో ఎవరి నీరు ఎవరిదో వేరుచేయలేము. ఎవరెంత పోసినారో మాత్రమే లెక్కింపగలము. విద్యుత్ తీగెల సంగతీ అంతే. పైగా కట్టె మండినా పొగ వస్తుంది. నరికిన చెట్టు తిరిగి ఎదుగుటకు దశాబ్దాలు పడుతుంది. ఈ విమర్శ ఆ నగరంలోనే వినవస్తున్నది. వెలుగు మూలాన్ని ప్రశ్నించుట నేర్చిన పౌరులు తమ పరిష్కారాన్ని సైతం ప్రశ్నించుట సహజమే గదా!

మన తెలుగు రాష్ట్రాలలో విద్యుత్ పంపిణీ ప్రధానంగా ప్రభుత్వ పంపిణీ సంస్థలది. పురపాలక సంఘాలకు బర్లింగ్టన్‌కున్న స్వేచ్ఛ లేదు. అయినను వీధిదీపాలు, మంచినీటి పంపులు, పురపాలక పాఠశాలల పైకప్పులు వాటి చేతిలోనివే. మన ఎండకు కొరత లేదు. కొరత ఉన్నది అడిగే పౌరులకు మాత్రమే. విద్యార్థులారా! ఆ మొదటి ప్రశ్న మీ నోటినుండి రావలెనని ఆశిస్తున్నాను.