కథకు ‘ఊ’ కొట్టేవారు

కథ చెప్పేవారి ఎదుట ‘ఊ’ కొట్టేవారు ఉండవలెనన్నది మన ఇండ్లలో తరతరాల మర్యాద. ఆ ‘ఊ’ మందగిస్తే పిల్లవానికి మాగన్ను పడుతున్నదని, వడివడిగా వస్తే తరువాతి ముచ్చటకు తొందరపడుతున్నాడని అమ్మమ్మ గ్రహిస్తుంది. దానినిబట్టి కథను పెంచుతుంది, లేదా ముగిస్తుంది. పుస్తకం మీద చూపు నిలిపి చదివేవారికి ఈ సహాయం సగమే దొరుకుతుంది. మైకు ముందు చదివే మావంటివారికి అసలే దొరకదు. కనుక పాత కథలను పైకి చదివి వినిపించడంలోని మెలకువలను గురించి రెండు మాటలు మనవి చేస్తాము.

ఏడు చేపల కథనే తీసుకొందాము. రాజకుమారులు ఏడుగురు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టగా ఒకటి ఎండలేదు. కారణమడిగితే చేప గడ్డిమోపును చూపింది. మోపు ఆవును, ఆవు కాపరిని, కాపరి అవ్వను, అవ్వ ఏడ్చే పసివానిని, పసివాడు చీమను చూపించారు. చీమ మాత్రం ఇంకొకరిని చూపక, తన పుట్టలో వేలుపెట్టినవానిని కుట్టవలసిందే కదా అన్నది. అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ రావడం పసివారికి ఆనందం. తప్పును పక్కవారి మీదికి తోసే లోకరీతి, తన ఇంటిని తాను కాపాడుకొన్న అల్పప్రాణి ధైర్యం పెద్దలకు వినబడతాయి. ‘ఇట్లే అందరినీ అడిగాడు’ అని క్లుప్తపరచితే ఇద్దరికీ కథ పోయినట్లే. పునరుక్తి కంటికి విసుగు. చెవికి అదే ఆధారం. ప్రతి ప్రశ్న తరువాత ఒక ‘ఊ’ పట్టేంత విరామం ఇవ్వవలెను.

ఇక భయం గొలిపే ఘట్టాలను తీసివేయవలెనా అన్న ప్రశ్న ఉన్నది. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన సంపుటి పేరులోనే పిల్లలూ, ఇల్లూ రెండూ ఉన్నవి. అవి పిల్లలకు తగవని విమర్శలు రాగా, 1857 నాటి ఏడవ కూర్పు వరకు మార్పులు జరుగుతూనే వచ్చినవి. హాన్సెల్, గ్రెటెల్ కథలో పిల్లలను అడవిలో విడువమన్న కన్నతల్లి తరువాతి కూర్పులలో సవతితల్లి అయినది. భయం కొంత తగ్గి ఉండవచ్చు. అందుకు మూలమైన కరవు మాత్రం కథలోనే మిగిలింది. నల్లగొండ, పాలమూరు మెట్టసీమల పెద్దలకు ఆ మాటను వివరించనక్కరలేదు. పసివారికి కావలసినది కథను కోయడం కాదు, పక్కన ఒక పెద్దదిక్కు.

వర్ణన విషయంలోనూ సంయమనం అవసరం. ‘రాజుగారి కోట’ అని మేము చదవగానే, త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన భువనగిరిలోని పిల్లలకు ఏకశిల మీది తమ కోటే కనబడుతుంది. బురుజులెన్నో, ద్వారాలెన్నో మేము చెప్పబూనితే, వారి కోటను తీసుకొని మా కోటను ఇచ్చినట్లవుతుంది.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు మజిలీకొక కథ చెబుతాడు. ఇంట చదివేవారికీ అదే కొలత: రాత్రికి ఒకటి చాలు. రేడియోలో కథ వచ్చేవేళ పిల్లలను దానికి అప్పగించి వెళ్ళక, పెద్దలు కూడ కూర్చొనవలెను. మధ్యలో మేము ఒక్క క్షణం ఆగితే, అది యంత్రలోపమని తలపక, ఆ ఖాళీని మీ ఇంటి ‘ఊ’తో నింపవలెనని మా మనవి.