రేకు మడతలో తుప్పు

పాత అంబాసిడరు కారు తలుపు క్రింది యంచున రంగు గోరంత మేర బొబ్బలెక్కినప్పుడు, యజమాని దానిని పైపూత దోషముగా నెంచి, కాస్త పుట్టీ పెట్టి రంగు కొట్టుమని టింకరింగు మేస్త్రీతో బేరమాడును. మేస్త్రీ మాఱు పలుకక స్క్రూడ్రైవరు మొనను ఆ బొబ్బపై ఆనించి మెల్లగా నొక్కును. మొన పిడివఱకు దిగిపోవును. గోరంత బొబ్బ వెనుక అఱచేయంత రేకు లేదన్న సంగతి యప్పుడు గాని యజమానికి తెలియదు. ఇట్టి చోట్ల తుప్పు లోపల పుట్టి, రేకునంతయు తిని, కడపట రంగును పైకెత్తి మనకు దర్శనమిచ్చును. కావున మరమ్మతును గూడ లోపలినుండియే ఆలోచింపవలసియుండును.

మడతలలోనే తుప్పేల పుట్టవలెనను ప్రశ్నకు సమాధానము చిత్రమైనది. ఇనుము తుప్పు పట్టుటకు నీరును ఆమ్లజనియు రెండును కావలెను గనుక, గాలి బాగుగా తగులు బయలు రేకే ముందు చెడవలెనని తోచును. కాని కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అను శాస్త్రజ్ఞుడు 1920లలో నునుపైన ఇనుప పలకపై ఉప్పునీటి చుక్క నుంచి, వర్ణసూచకములు కలిపి చూడగా, గాలి సులువుగా చేరు చుక్క యంచులు క్షారము పుట్టి గులాబి రంగు దాల్చినవి. గాలి చొరని నడిమి భాగము, ఇనుము కరగి నీటిలో కలయుటచే, నీలి రంగు దాల్చినది. అనగా ఆ చుక్క చిన్న విద్యుద్ఘటముగా మాఱి, ఆమ్లజని సమృద్ధిగా నున్న తావు సురక్షితముగా నుండ, ఆమ్లజని కఱవైన తావు కరగిపోయినదన్నమాట. తలుపు అడుగున రెండు పొరలుగా మడచిన యంచు, మడ్‌గార్డు లోపల బురద పేరుకొనిన మూల, ఒకదానిపై నొకటి యతికిన రేకుల నడిమి సందు, ఇవన్నియు ఆ చుక్క నడిమి భాగము వంటివే. విశాఖపట్నము, కాకినాడ వంటి రేవు పట్టణములలో గాలి మోసికొనివచ్చు ఉప్పు, తేమను మంచి విద్యుద్వాహకముగా జేసి యీ క్షయమును త్వరపఱచును. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుము కంటె రెట్టింపునకు మించిన తావు నాక్రమించును గనుక, సందులోనే యుబ్బి రేకులను విడదీసి, మఱింత నీటికి దారి చేయును.

అంబాసిడరు విషయమున నింకొక చిక్కు గలదు. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ననుసరించి, కలకత్తా చేరువనున్న ఉత్తరపాడాలో 1950ల చివరినుండి 2014 వఱకు తయారైన యీ బండికి, లారీకి వలె వేఱుగా ఛాసిస్ లేదు; రేకుల కూర్పే బరువు మోయును. తలుపుల క్రింద పొడుగునా సాగు పెట్టె వంటి దూలము చెడినదని, ఆధారము లేకుండ దానిని కోసివేసినచో, బండి నడుము వంగి తలుపులు మఱల సరిగా పడవు. అందుచే ఎఱిగిన మేస్త్రీ పెట్రోలు ట్యాంకు విప్పి దూరముగా నుంచి, తలుపు సందున నొక ఇనుప కడ్డీని అడ్డముగా నతికి, అడుగున దిమ్మలు పెట్టి, పిదపనే కోత మొదలిడును. తళతళలాడు గట్టి రేకు తగులువఱకు కోయక తప్పదు. పలుచబడిన రేకుపై మంట సోకినచో అతుకు పడుటకు మాఱు చిల్లి పెద్దదగును.

ఇక వేడితో పోరు. ఉక్కు 1,500 డిగ్రీల ప్రాంతమున కరగును; గ్యాసు వెల్డింగు మంట 3,000 డిగ్రీలు దాటును; రేకు మందము చూడబోయిన మిల్లీమీటరు చుట్టుప్రక్కల. నూఱు డిగ్రీల వేడికి మీటరు పొడవు ఉక్కు 1.2 మిల్లీమీటర్లు సాగును. కాని మంట తగిలిన తావు సాగబోగా, చుట్టునున్న చల్లని రేకు దానిని కదలనీయదు. అంతట నది మెత్తనై తనలో తానే యణగి మందమగును, చల్లారునప్పుడు కుంచించుకొని చుట్టుప్రక్కలను తనవైపు లాగును. అద్దము వంటి బానెట్టు అప్పడము వలె వంకరపోవుటకు కారణమిదియే. కనుక మేస్త్రీ ఒక్క బిగిని గీత పోయక, ఇచ్చట నొక చుక్క, జానెడు దూరమున నింకొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, నడిమి ఖాళీలను క్రమముగా నింపును; పిదప వెనుక దిమ్మె నొత్తిపట్టి, కుంచించుకొనిన యతుకును సుత్తితో మెల్లగా కొట్టి సాగదీయును. తీగ తానే కరగుచు, బొగ్గుపులుసు వాయువో ఆర్గాన్ మిశ్రమమో కాపుగా నుండు నేటి మిగ్ వెల్డింగులో వేడి తక్కువ మేర వ్యాపించుట నిజమే. ఐనను గ్యాసు అతుకు మెత్తగా నుండి సుత్తి మాట వినును. నేర్పరి చేతిలో నాకు నచ్చునది అదియే.

పుట్టీ సంగతి చెప్పక తీఱదు. పూర్వము సీసము, తగరము కలిపిన లోహమును ముద్దగా మెత్తబఱచి గుంటలు పూడ్చెడివారు. నీరు దానిలోనికి చొరదు. నేటి పుట్టీ తేమను పీల్చును. వెల్డింగు పూర్తియైన రేకుపై పలుచని పూతగా దానిని నిందింప పనిలేదు గాని, చిల్లిపై మెత్తిన పుట్టీ మాత్రము పైన పటారము, లోన లొటారము.

చేయి దూఱని సందులలో మిగిలిన తుప్పుకు టానిక్ ఆమ్లము పూయుదురు. అది తుప్పుతో కూడి నల్లని గట్టి పొరయగును. పెడన కలంకారీ పనివాండ్రు కరక్కాయ నీటిలో తడిపిన గుడ్డపై, ఇనుప తుక్కును బెల్లపు నీటిలో మాగవేసి తీసిన ద్రవముతో అద్దు నల్లని రంగు గూడ ఇట్టి రసాయన సంయోగమే. వెల్డింగు వేడికి రేకు లోపలివైపు రంగు మాడిపోవును గనుక, అచ్చటికి మైనము చిమ్మకున్నచో క్రొత్త యతుకు వెనుకనే క్రొత్త తుప్పు మొదలగును.

రంగు ఆఱిన పిదప మేస్త్రీ సన్నని తీగ యొకటి తీసికొని నేలపై కూర్చుండి, తలుపు అడుగున వాననీరు కాఱుటకుంచిన రంధ్రములు పుట్టీతోను రంగుతోను మూసికొనిపోయినవేమో యని ఒక్కొక్కదానినే పొడిచి చూచును.