నెలలు నిండని కన్నులు: అపోహలు, వాస్తవాలు

మైపాడు మొదలుకొని తూపిలిపాళెము వఱకు సాగిన నెల్లూరు తీరగ్రామములలో, ఏడవ మాసమున జన్మించి, పట్టణపు టాసుపత్రిలో గాజుపెట్టెయందు కొన్ని వారములుండి యింటికి వచ్చిన శిశువును జూచి పెద్దలు ధైర్యముగా పలుకు మాట యొకటి కలదు: “దీపం చూపిస్తే రెప్పార్పకుండా చూస్తా ఉండాడు, ఇంక కంటికేం రోగం?” ఈ ధైర్యమున కాధారము లేదు. దీపమును జూచుటకు కంటివెనుకటి పొరయైన రెటీనా నడిభాగము చాలును; ఆర్‌ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ) యని వైద్యులు పిలుచు, నెలలు నిండని బిడ్డల వ్యాధి పుట్టునది దాని యంచులలో. అది నొప్పి యెఱుగదు, కన్ను ఎఱ్ఱబడదు, నీరు కారదు. కనుపాప తెల్లబడి తల్లికే కానవచ్చునప్పటికి రెటీనా ఊడిపోయి యుండును. పిమ్మట శస్త్రచికిత్స చేసినను చూపు వచ్చునన్న ఆశ స్వల్పము.

గర్భస్థశిశువు కంటిలో సుమారు 16వ వారమున దృష్టినాడి మొదట రక్తనాళములు చిగిర్చి, నలుదెసలకు ప్రాకి, ముక్కువైపు అంచును 36వ వారమునకును, దూరమైన కణతవైపు అంచును నిండునెలలకును చేరును. పెన్నా కాలువ నీరు ఆయకట్టు చివరిమళ్ల కందకమునుపే తూము మూసినట్లు, 28వ వారమున పుట్టిన బిడ్డకు ఆ పెరుగుదల నడుమనే నిలిచిపోవును. నాళములు లేని భాగము ప్రాణవాయువునకై అలమటించి వీఈజీఎఫ్ అను పదార్థమును మిక్కిలిగా విడువగా, కొన్ని వారములకు నాళములు క్రమము దప్పి పెరిగి రెటీనాను లాగివేయును. పలువురిలో నిది తనంత తానే సర్దుకొనునుగాని, సర్దుకొననిది యెవరిలోనో కంటిలోపల జూడక చెప్పుట యెవరితరము గాదు.

“ఆస్పత్రోళ్లు గాలిపెట్టి కళ్లు పోగొట్టినారు” అను నింద యర్ధసత్యము గనుకనే ప్రమాదకరమైనది. 1942లో బోస్టనులో థియొడోర్ టెర్రీ ఈ యంధత్వమును వర్ణించెను. 1951లో మెల్బోర్నులో కేట్ క్యాంబెల్ మితిమీఱిన ప్రాణవాయువును శంకించెను. ఆ శంక నిజమని తేలినపిదప వైద్యులు దానిని కఠినముగా తగ్గింపగా అంధత్వము తగ్గినదిగాని, శిశుమరణములును మెదడు దెబ్బతినుటయు హెచ్చినవి. నేడు బిడ్డ పాదమునకు గట్టిన ఆక్సీమీటరు అంకెను అనుక్షణము గమనించుచు, ప్రాణవాయువును ఎక్కువ తక్కువలు లేకుండ నిచ్చుట యందువలననే.

కంటిలోపలిని కెమెరాతో చిత్రించు పరీక్ష గూర్చి భయము మఱింత గాఢము: “ఆ మిషను వెలుగుకే చూపు పోతాది!” వెలుతురును తగ్గించినను ఈ వ్యాధి తగ్గలేదని 1998లో వెలువడిన యమెరికా పరిశోధన తేల్చినది. జరుగునది యిది. చుక్కలమందుతో కనుపాప విచ్చుకొన్నపిమ్మట, బిడ్డను గుడ్డలో బిగియజుట్టి, కంటికి మొద్దుమందు వేసి, సన్నని తీగెసాధనముతో రెప్పలను విప్పి, కంటిపై జెల్ నుంచి, చేతికెమెరా కొనను మెల్లగా నానింతురు. తెరపై నారింజవన్నె నేలమీద నాళములు కొమ్మలువోయి యొకచోట నాగుటయు, దాని కావల పాలిపోయిన భాగమును, ఆ రెంటి నడుమ తెల్లని గీతయో, ముదిరినచో గట్టువలె నుబికిన మడతయో గోచరించును. నాళములు ఉబ్బి మెలికలు తిరిగియుండుట యన్నిటికంటె అపాయసూచకము. బిడ్డ యేడ్చును, నిజమే. ఆ కొద్ది నిమిషములు నర్సు నాడిని గనిపెట్టుచునే యుండును.

అట్లని కెమెరా లేనిచోట పరీక్షయే లేదనుటయు పొరపాటు. 130 డిగ్రీల మేర నొక్కసారి పట్టు కెమెరాకు సైతము దూరపుటంచు దొరకకపోవచ్చును. వైద్యుడు వెలుగుసాధనమును తలకు దగిలించుకొని, చేత కటకము పట్టి చూచు పాతపద్ధతి నేటికిని ప్రమాణమే. చిత్రము యొక్క గొప్పదనము వేఱు: పోయిన వారపు నాళమును ఈ వారపు నాళముతో పోల్చవచ్చును, దూరముననున్న నిపుణునికి పంపవచ్చును. 2008లో కర్ణాటకమున ప్రారంభమైన కిడ్రాప్ పథకములో శిక్షితులైన సాంకేతికులు పల్లెప్రాంతపు శిశువిభాగములకు బోయి తీసిన చిత్రములను బెంగుళూరు వైద్యులు చూచి నిర్ణయింతురు. రెటీనా వైద్యులలో పెక్కురు నగరములందే యున్న మనదేశమున కింతకంటె తగిన యుపాయము నాకు దోచదు.

“మావాడు కిలోముప్పావు, బొద్దుగానే పుట్టినాడు” అని యూరడిల్లుటయు తగదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో సుభద్రా జలాలీ ప్రభృతులు 1990ల చివరనుండి జంటనగరముల శిశువులను పరీక్షించి, పాశ్చాత్యుల కొలతకు లోబడని పెద్దబిడ్డలకును ఇచ్చట నీ వ్యాధి వచ్చుచున్నదని చూపిరి. కావుననే మనదేశపు నియమము 34 వారములలోపల పుట్టినవారికి, లేదా 2 కిలోలకు తక్కువ తూగినవారికి, పుట్టిన 30 దినములలో తొలిపరీక్ష జరుగవలెననుచున్నది. 28 వారములు గాని 1200 గ్రాములు గాని నిండనివారికి రెండు మూడు వారములకే.

పురిటిబిడ్డను మూడవ నెల వఱకు పొలిమేర దాటింపరాదను నాచారము సరిగా ఈ గడువుమీదనే పడుచున్నది. గాలి, దిష్టి యను భయముల వెనుక పసివారిని అంటురోగములనుండి కాపాడు వివేకము కొంత యున్నదని నే నొప్పుకొందును. కాని పరీక్షలో లేజరు చికిత్స అవసరమని తేలినచో రెండు మూడు దినములలోనే చేయవలసియుండును. ఆ నెలలలో కంట ఆముదము, చనుబాలు పోయుటవలన అంటువ్యాధులేగాని మేలు లేదు. “ఒకసారి చూపించినాం గదా” అనుటయు జరుగును. నాళములు అంచు చేరువఱకు వారమునకో రెండు వారములకో మరల చూపవలెను. చికిత్సగా కంటిలో ఇంజెక్షను పొందిన బిడ్డలకు వ్యాధి కొన్ని నెలలకు తిరుగబెట్టుట గలదు గనుక వారి రాకపోకలు ఇంకను దీర్ఘకాలము సాగును.