నర్సరీ పెట్టె మూగబోయిందా? ముందు తీగలు చూడండి

అరకులోయ: ఎండాకాలంలో కాఫీ నారు సంచులకు తడి తప్పితే మొక్క వడలిపోతుంది. నేల తేమ కొలిచి, మోటారు ఆడించి, సెల్‌ఫోనుకు కబురు పంపే చిన్న పెట్టె పెట్టుకున్న రైతుకు ఆ కబురు ఆగితే ఏం చేయాలో తోచదు. విశాఖ నుంచి మెకానిక్కును పిలిస్తే దారి వంద కిలోమీటర్లు దాటుతుంది, పైగా ఘాటీ. ఖర్చు తడిసి మోపెడవుతుంది. చాలాసార్లు లోపం బోర్డులో ఉండదు, తీగల్లోనే ఉంటుంది. వరుసగా చూసుకుంటే మీరే పట్టుకోవచ్చు.

అసలు సంగతి

పెట్టెలో మైక్రోకంట్రోలర్ బోర్డు, తేమ కొలిచే పరికరం, సిమ్ బోర్డు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మాటలోని అక్షరాలు ఒకే తీగమీద ఒకదాని వెనుక ఒకటి వెళతాయి. దీన్నే సీరియల్ కమ్యూనికేషన్ అంటారు. టీఎక్స్ అంటే నోరు, ఆర్ఎక్స్ అంటే చెవి అనుకోండి.

వరుసగా చూడాల్సినవి

1. ముందు మోటారు మెయిన్ తీసేయండి. ఇది మరవొద్దు. ఆ తర్వాతే మూత తెరవండి. కొండ మంచుకు స్క్రూలు పచ్చగా చిలుము పట్టాయా, చీమలు గూడు కట్టాయా చూసి, శుభ్రం చేసి బిగించండి.

2. ఒకరి నోరు రెండోవారి చెవికి చేరాలి. ఇటు టీఎక్స్ అటు ఆర్ఎక్స్‌కు, ఇటు ఆర్ఎక్స్ అటు టీఎక్స్‌కు కలపాలి.

3. రెండు బోర్డుల గ్రౌండు తీగలూ కలిసి ఉండాలి. ఈ ఒక్కటి లేకపోతే మిగతావన్నీ సరిగా ఉన్నా మాట అందదు.

4. రెండువైపులా వేగం ఒకటే ఉండాలి. ఒకటి 9600, మరొకటి 115200 అయితే తెరమీద పిచ్చిగీతలు వస్తాయి. థింసాలో డప్పు ఒక వేగాన, అడుగు ఒక వేగాన పడితే వరుస చెదిరినట్టే. అంటే పిచ్చిగీతలు వస్తుంటే తీగ బతికే ఉందని, ముందు వేగం చూడాలని గుర్తు.

5. ఆర్డునో ఊనో 5 వోల్టులతో మాట్లాడుతుంది. చాలా బోర్డులు 3.3 వోల్టులకే ఓర్చుకుంటాయి. నేరుగా కలిపితే కాలిపోవచ్చు. కలిపే ముందు బోర్డుతో ఇచ్చిన కాగితం చూడండి.

6. మామూలు సీరియల్ తీగ ఒకటి రెండు మీటర్లకే నమ్మకం. తేమ పరికరం మడి అవతల ఉంటే ఆర్ఎస్-485 రకం వాడాలి. అది 1200 మీటర్ల దాకా పనిచేస్తుంది. దాని ఏ, బీ తీగలు తారుమారైతే జవాబు రాదు. మార్చి చూడండి.

తప్పు ఎవరిది?

ఊళ్లో చదువుకునే పిల్లల దగ్గర ల్యాప్‌టాప్ ఉంటే ఇలా తేల్చవచ్చు. కొన్ని యూఎస్‌బీ తీగలు ఛార్జింగుకే పనికొస్తాయి. డేటా వెళ్లే తీగే వాడాలి. ఊనోలో 0, 1 పిన్నులకున్న తీగలు తీసేసి, రీసెట్‌ను గ్రౌండుకు, 0ను 1కి కలపండి. సీరియల్ మానిటరులో కొట్టిన అక్షరం తిరిగి వస్తే ల్యాప్‌టాప్, యూఎస్‌బీ తీగ, బోర్డులోని యూఎస్‌బీ భాగం బాగున్నట్టే.

తర్వాత సిమ్ బోర్డును దానికి సరిపడే యూఎస్‌బీ అడాప్టరుతో ల్యాప్‌టాప్‌కు కలపండి. మానిటరులో లైన్ ఎండింగ్ ఎన్ఎల్, సీఆర్ రెండూ ఎంచుకుని 'ఏటీ' అని కొట్టండి. 'ఓకే' వస్తే తీగలు, వేగం సరే. అప్పుడు సిగ్నలు, సిమ్ బ్యాలెన్సు చూడండి. కొండ చాటున సిగ్నలు అందకపోతే తీగలు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. సందేశం పంపగానే పెట్టె ఆగి మళ్లీ మొదలవుతుంటే కరెంటు చాలడం లేదు. 2జీ సిమ్ బోర్డు ఒక్కసారిగా 2 ఆంపియర్ల దాకా లాగుతుంది.

చివరగా ఒక మాట. అంతా బాగున్న రోజునే ఏ రంగు తీగ ఎక్కడికి వెళ్లిందో, వేగం ఎంతో ఒక కాగితంమీద రాసి మూత లోపల అంటించండి. పెట్టె బాగయ్యే దాకా మాత్రం నారుకు బిందెతోనైనా నీళ్లు పోయడం మానకండి.